పిల్లలు ‘నేను గే’, ‘నేను ట్రాన్స్’ అని చెప్పాక ఫ్యామిలీ థెరపీ: మొదటి రాత్రి నుంచి చివరి సెషన్ దాకా

“మావాడు గే అంటున్నాడండీ. కౌన్సెలింగ్‌కి తీసుకొస్తాం. ఎన్ని సిట్టింగుల్లో మామూలవుతాడు?” తల్లిదండ్రుల నుంచి థెరపిస్టులుగా మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. పిల్లల నుంచి వచ్చేది ఇంకో రకం: “మా అమ్మానాన్నల్ని ఎవరైనా మంచి డాక్టర్‌కి చూపించాలి. ఎలా ఒప్పించను?”

ఇద్దరూ ఎదుటివాళ్లనే మార్చమంటున్నారు. ఫ్యామిలీ థెరపీ అలా పని చేయదు. పిల్లల స్వభావాన్ని మార్చడం దాని పని కాదు, తల్లిదండ్రుల్ని తిట్టి దారికి తేవడం అంతకన్నా కాదు. ఇంట్లో తెగిపోయిన మాటను మళ్లీ కలపడమే దాని పని. దానికి ఒక వరుస ఉంది: అసలు గొడవ గురించి ముందు విడివిడిగా, తర్వాతే కలిసి. మొదటి రోజే అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి “ఇప్పుడు మాట్లాడుకోండి” అంటే, ఇంట్లో జరిగిన గొడవే ఫీజు కట్టి ఇంకోసారి పడినట్టు అవుతుంది.

కింద చెప్పేదంతా సుమారు 14 నుంచి 25 ఏళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం. పిల్లలు చదివినా పనికొస్తుంది. గే అంటే మగవాళ్ల మీద ఆకర్షణ ఉన్న మగవాళ్లు. ట్రాన్స్ అంటే పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసినదానికి భిన్నంగా తమను తాము గుర్తించుకునేవాళ్లు.

1. ముందు ఈ రాత్రి సంగతి చూడండి

థెరపిస్టును వెతకడం రేపటి పని. ఈ రాత్రి చూడాల్సింది పిల్లల ప్రాణం. వాళ్లంతట వాళ్లే చెప్పి ఉంటే ఎంతో కొంత సిద్ధపడి ఉంటారు. ఫోన్‌లో మెసేజ్‌లు చూసి మీరే కనిపెట్టి ఉంటే మాత్రం రెట్టింపు జాగ్రత్త కావాలి, ఎందుకంటే చెప్పే ధైర్యం కూడగట్టుకోకముందే అంతా బయటపడిపోయింది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికాలో కెయిట్లిన్ రయన్ బృందం 21 నుంచి 25 ఏళ్ల గే, లెస్బియన్ (ఆడవాళ్ల మీద ఆకర్షణ ఉన్న ఆడవాళ్లు), బైసెక్సువల్ (ఆడ, మగ ఇద్దరి మీదా ఆకర్షణ ఉన్నవాళ్లు) యువతను అడిగి 2009లో పీడియాట్రిక్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. టీనేజీలో ఇంట్లో తీవ్రమైన తిరస్కారం ఎదురైనవాళ్లలో ఆత్మహత్యాయత్నం చేశామన్నవాళ్లు, తిరస్కారం లేని లేదా తక్కువగా ఉన్నవాళ్లతో పోలిస్తే ఎనిమిది రెట్లకు పైగా ఉన్నారు. ఇంటి ప్రవర్తనకు అంత బరువుంది.

“చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది వెనకాడతారు. అలా పుట్టదు. అడిగితే నోరు విప్పే అవకాశం దొరుకుతుంది, అంతే.

ఈ రాత్రికి:

- పురుగుమందు, నిద్రమాత్రలు, ఇంట్లో పెద్దవాళ్ల షుగర్, బీపీ మందులు తాళం వేసిన చోటికి. పొలం ఉన్న ఇళ్లలో మందు డబ్బా పశువుల కొట్టంలోనో వరండాలోనో తెరిచే ఉంటుంది. ముందు దాని సంగతి చూడండి.
- ఫోన్ లాక్కోవద్దు. వాళ్లకు ధైర్యం చెప్పే ఒకే ఒక్క స్నేహితుడు ఆ ఫోన్‌లోనే ఉండొచ్చు.
- తలుపు బయట గడియ పెట్టొద్దు, కాలేజీ మాన్పించొద్దు, చెయ్యి చేసుకోవద్దు.
- ఎవరికీ ఫోన్ చేసి ఏడవొద్దు, ముఖ్యంగా బంధువులకు.
- నాలుగు మాటలు చాలు: “నాకు పూర్తిగా అర్థం కాలేదు. భయంగా ఉంది. అయినా నువ్వు నా బిడ్డవే. అన్నం తిందాం రా.”

పరిస్థితి చేయి దాటేలా ఉంటే టెలీ మానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ అది, రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అయితే 112. 18 లోపు పిల్లలను ఇంట్లో కొడుతుంటే, బంధిస్తుంటే 1098.

కొట్టడం, బంధించడం జరుగుతున్న ఇంట్లో ఫ్యామిలీ థెరపీ మొదలుపెట్టకూడదు. అక్కడ పిల్లలు గదిలో చెప్పిన మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు తింటారు. ముందు హింస ఆగాలి, లేదా పిల్లలు వేరే భద్రమైన చోట ఉండాలి.

2. థెరపీ దేనికో కాగితం మీద రాసుకోండి

స్వలింగ ఆకర్షణ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. భారత మానసిక వైద్యుల సంఘం 2018లో ఇదే మాట బహిరంగంగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద తీర్పిచ్చి, పెద్దవాళ్లు పరస్పర ఇష్టంతో పెట్టుకునే సంబంధం నేరం కాదంది. ట్రాన్స్ గుర్తింపును కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితాలో మానసిక జబ్బుల విభాగం నుంచి తప్పించింది.

‘మార్చే’ చికిత్స సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల తర్వాత, అలాంటి చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. ఆ కేసు విన్న జడ్జిగారు, ఈ విషయం తనకు సరిగా తెలియదని ఒప్పుకుని, తీర్పు రాసే ముందు తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. అంత చదువు, హోదా ఉన్నాయన అడిగి తెలుసుకోగా లేనిది, మనకు నామోషీ ఎందుకు?

ఇప్పుడు కాగితం తీసుకుని, అమ్మ ఒకటి, నాన్న ఒకటి, పిల్లలు ఒకటి, విడివిడిగా “మూడు నెలల తర్వాత మా ఇల్లు ఎలా ఉండాలి?” అన్నదానికి జవాబు రాయండి.

పనికిరాని జవాబులు: ‘మావాడు మామూలుగా మారాలి’, ‘అమ్మాయి పెళ్లికి ఒప్పుకోవాలి’, ‘నాన్న రేపటికల్లా ప్రైడ్ మార్చ్‌కి (గే, ట్రాన్స్ మనుషుల హక్కుల ఊరేగింపు) రావాలి’.

పనికొచ్చే జవాబులు: ‘మళ్లీ కలిసి భోంచేయాలి’, ‘వాడు వీకెండ్‌కి హాస్టల్ నుంచి ఇంటికి రావాలనుకోవాలి’, ‘మా ఆయనా నేనూ ఈ విషయం మీద తిట్టుకోకుండా మాట్లాడుకోవాలి’, ‘సంబంధాలు చూడటం ఆపాలి’.

ఈ కాగితాలు మడిచి దాచండి. మొదటి సెషన్‌లో ఇవే కావాలి.

3. థెరపిస్టును ఎంచుకోవడం

బోర్డు మీద ‘సైకాలజిస్ట్’ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్, మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉంటారు. నంబర్ అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని మానసిక వైద్యశాల ఉన్నాయి. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసమే ప్రత్యేక విభాగం ఉంది. రాయలసీమవాళ్లకు హైదరాబాద్ కంటే అదే దగ్గర పడొచ్చు.

అపాయింట్‌మెంట్‌కి ముందు ఫోన్‌లో ఈ ప్రశ్నలు అడగండి. పది నిమిషాల పని.

- గే, లెస్బియన్, ట్రాన్స్ పిల్లలున్న కుటుంబాలతో ఇంతకుముందు పని చేశారా?
- దీన్ని మార్చవచ్చని మీరు అనుకుంటారా?
- తల్లిదండ్రులతో విడిగా సెషన్లు పెడతారా?
- పిల్లలు చెప్పింది మాకు ఎంతవరకు చెప్తారు?
- తెలుగులో చేస్తారా? ఫీజెంత, సెషన్ ఎంతసేపు?

రెండో ప్రశ్నకు “ప్రయత్నిద్దాం”, “వయసు ప్రభావం, తగ్గుతుంది”, “హార్మోన్ టెస్టులు చేయిద్దాం” అని వస్తే థాంక్స్ చెప్పి పెట్టేయండి. హిప్నాటిజం, ‘మగతనం పెంచే’ ఇంజెక్షన్లు, షాక్, యాభై వేల ప్యాకేజీలు… ఇవన్నీ అదే బాపతు. నష్టం డబ్బుతో పోదు. పిల్లలు ఆ తర్వాత అసలైన డాక్టర్‌ని కూడా నమ్మరు.

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లయినా సెషన్ తెలుగులోనే పెట్టుకోండి. ఏడుపు, కోపం, అలక ఇంగ్లిష్‌లో రావు. ఇంకో సంగతి, మేనమామ క్లాస్‌మేట్, మీ కాలనీ డాక్టర్ లాంటివాళ్లు వద్దు. ఎంత మంచివాళ్లైనా, శుభకార్యాల్లో మళ్లీ ఎదురుపడాల్సిన మనిషి ముందు ఎవరూ పూర్తిగా మాట్లాడలేరు.

పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి మీరు గుంటూరులో ఉంటే ఒక చిక్కు ఉంది. అక్కడ లైసెన్స్ రాష్ట్రాల వారీగా ఇస్తారు. క్లయింట్ ఏ రాష్ట్రంలో ఉంటే థెరపిస్టుకు మామూలుగా ఆ రాష్ట్రం లైసెన్స్ ఉండాలి. అందుకని చాలా ఇళ్లలో పిల్లలకు అక్కడ ఒకరు, తల్లిదండ్రులకు ఇక్కడ ఒకరు కుదురుతారు. మీరు రాతపూర్వకంగా అనుమతిస్తే ఆ ఇద్దరూ మాట్లాడుకుంటారు.

4. మొదటి సెషన్‌కి ముందు తేల్చుకోవాల్సినవి

*ఎవరికి తెలుసు?* పిల్లల్ని అడిగి ఒక పట్టిక వేయండి: తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు, తెలిసినా ఫర్వాలేదనుకునేవాళ్లు. మూడోదాంట్లో లేనివాళ్లకు చెప్పే హక్కు మీకు లేదు. అమ్మమ్మకైనా సరే.

*ఎవరు రావాలి?* పిల్లలు, వాళ్లను పెంచుతున్న పెద్దవాళ్లు. అంతే. “మా బావగారు బాగా చదువుకున్నారు, ఆయన్నీ తీసుకొస్తాం” అంటారు చాలామంది. వద్దు. బావగారి ముందు నాన్న నాన్నలా ఉండడు, పరువు కాపాడుకునే మనిషిలా ఉంటాడు. తోబుట్టువులను తర్వాత, పిల్లలు ఒప్పుకున్నాక పిలవొచ్చు.

*పెళ్లిచూపులు ఆపాలి.* థెరపీ నడిచినన్నాళ్లూ సంబంధాలు చూడటం, ఫొటోలు పంపడం, మ్యాట్రిమొనీ ప్రొఫైల్ అన్నీ బంద్. ఒక పక్క ఇది, ఒక పక్క అది నడిపితే పిల్లలు థెరపీని ఉచ్చుగానే చూస్తారు.

*ఏ మాటలు వాడాలి?* గే, లెస్బియన్, ట్రాన్స్, క్వీర్ (వీళ్లందరికీ కలిపి వాడే మాట)… వాళ్లు తమను ఏమని చెప్పుకుంటే అదే వాడండి. ‘తేడా’, ‘ఆడంగి’ లాంటివి సరదాకి కూడా వద్దు. కామెడీ సీన్లలో ఆ పాత్రను చూసి మీరు నవ్విన ప్రతిసారీ పక్క సోఫాలో వాళ్లు మీ మొహమే చూసి ఉంటారు.

*గోప్యత ఎంతవరకు?* 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలకు గోప్యత ఇస్తుంది, లైంగికత ఆధారంగా వివక్ష చూపకూడదంటుంది. గోప్యతకు హద్దులూ ఉన్నాయి. ప్రాణాపాయం ఉంటే థెరపిస్టు ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిందే. 18 లోపు పిల్లల విషయంలో పోక్సో చట్టం ఉంది: లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపడం ఎవరికైనా తప్పనిసరి, చట్టం దృష్టిలో మైనర్ ఇష్టపడ్డారన్న మాట చెల్లదు. ఈ రెండింటినీ మొదటి పది నిమిషాల్లోనే పిల్లలకు చెప్పమని థెరపిస్టును అడగండి. నోరు జారాక తెలిస్తే నమ్మకం అక్కడితో సరి.

5. సెషన్ల వరుస

ఆత్మహత్య ఆలోచనలున్న టీనేజర్ల కోసం గై డైమండ్, సహచరులు అమెరికాలో ఒక ఫ్యామిలీ థెరపీ పద్ధతి తయారుచేశారు. పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య అనుబంధాన్ని మరమ్మతు చేయడమే దాని గురి. ఐదు పనులు, మామూలుగా 12 నుంచి 16 వారాలు. దాన్నే గే, లెస్బియన్, బైసెక్సువల్ పిల్లలకు తగ్గట్టు మలిచినప్పుడు వాళ్లు చేసిన పెద్ద మార్పు, తల్లిదండ్రులతో విడిగా గడిపే సమయం పెంచడం. మన ఇళ్లలో ఆ అవసరం ఇంకా ఎక్కువ. మీ థెరపిస్టు ఈ పద్ధతిలో శిక్షణ పొందకపోయినా, ఈ వరుసలో చేద్దామని అడగొచ్చు.

5.1 అందరూ కలిసి, ఒకే ఒక్కసారి

మొదటి సెషన్‌కి అందరూ వస్తారు, అయితే అసలు గొడవ జోలికి పోరు. థెరపిస్టు అడిగే ప్రశ్న దాదాపు ఇలా ఉంటుంది: “బాధ కలిగినప్పుడు నువ్వు అమ్మ దగ్గరికి ఎందుకు వెళ్లలేకపోయావు?” చూడండి, ‘నువ్వు గే ఎందుకయ్యావు’ అని కాదు. సమస్య పేరు మారిపోయింది. కాగితాలు ఇక్కడ తీస్తారు. తిట్లు మొదలైతే ఆపేస్తారు.

5.2 పిల్లలతో విడిగా

రెండు మూడు సెషన్లు. ఏం జరిగింది, ఏ మాట గుచ్చుకుంది, అమ్మానాన్నలకు ఏం చెప్పాలని ఉంది, చెప్తే ఏమవుతుందని భయం. బయట కూర్చున్నవాళ్లు తలుపు వైపు చెవి పెట్టడం, కారులో “ఏమడిగారు? ఏం చెప్పావు?” అని ఆరా తీయడం వద్దు. “టిఫిన్ చేద్దామా?” చాలు.

5.3 తల్లిదండ్రులతో విడిగా

అసలు పని జరిగేది ఇక్కడే. తొందరపడకండి. పిల్లలకు రెండు సెషన్లు పెడితే మీకు నాలుగు పట్టినా పట్టొచ్చు. అమ్మకు, నాన్నకు వేర్వేరుగా ఒక్కోటి ఉంటే ఇంకా మంచిది. మన దగ్గర భార్య ముందు ఏడవని మగవాళ్లు చాలామంది, భర్త ముందు నోరు విప్పని ఆడవాళ్లు ఇంకా ఎక్కువమంది.

ఇక్కడ ఏడవొచ్చు. “నాకు మనవలు ఉండరా?”, “పెళ్లి ఘనంగా చేయాలనుకున్నాను”, “నా పెంపకంలో తప్పా?”, “దేవుడు ఎందుకిలా చేశాడు?” అన్నీ అనొచ్చు. ఇవి పిల్లల ముందు అంటే గాయాలు, ఇక్కడ అంటే మందు. పెంపకం వల్ల ఎవరూ గే అవ్వరు, ట్రాన్స్ అవ్వరు. ఆ సంగతి థెరపిస్టు నోట ఇద్దరూ కలిసి వినడం అవసరం, ఎందుకంటే చాలా ఇళ్లలో నింద మొత్తం అమ్మ మీదే పడుతుంది. ‘నాన్న పెంపకం బాగాలేదు’ అన్న మాట నేనింకా వినలేదు.

ఒక సెషన్ ఎలా సాగుతుందో చూపిస్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. కూతురు లెస్బియన్ అని తెలిసిన తండ్రి.

“మీకు అన్నిటికన్నా భయం దేనికండీ?”

“సమాజానికి.”

“సమాజంలో ఎవరికి?”

“అందరికీ.”

“సరే, పేర్లు చెప్పండి. నేను రాస్తాను.”

ఆయన చాలాసేపు ఆలోచించారు. “మా అన్నయ్య,” అన్నారు. తర్వాత “ఆఫీసులో ఒకాయన”. ఆ తర్వాత పేర్లు రాలేదు. ఆ కాగితాన్ని అలాగే చూస్తూ కూర్చున్నారు. అప్పటినుంచి సెషన్లన్నీ అన్నయ్య గురించే నడిచాయి: చిన్నప్పటి నుంచి ఆయన ముందు తనెలా తలదించుకున్నారు, కూతుర్ని అలా దించుకోమనడం తనకిష్టమేనా అని. సమాజంతో ఎవరూ పోరాడలేరు. అన్నయ్యకు ఏం చెప్పాలో మాత్రం కూర్చుని తయారుచేసుకోవచ్చు.

ఈ దశ పూర్తయిందని ఎలా తెలుస్తుంది? “నా బాధ నేను మోస్తాను. ఇప్పుడు వాడి బాధ వినగలను” అన్న స్థితికి కనీసం ఒకరైనా రావాలి. రాకపోతే తర్వాతి దశకు వెళ్లొద్దు.

5.4 ముఖాముఖి

ఇప్పుడు కలిసి కూర్చోవచ్చు. పిల్లలు మాట్లాడతారు, పెద్దవాళ్లు వింటారు. నియమాలు ముందే చెప్పుకోవాలి:

- సంజాయిషీ ఇవ్వకూడదు. “నేనలా అనలేదు” అన్న మాట ఈ రోజుకు వద్దు.
- ‘సరే, కానీ…’ అనకూడదు.
- విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పాలి. అడగాలనిపిస్తే ఒక్కటే: “ఇంకా ఏముంది?”
- ఏడుపొస్తే ఏడవొచ్చు. పిల్లలు మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి మాత్రం రానివ్వకండి.

ఆ తండ్రీ కూతుళ్ల ముఖాముఖిలో ఆ అమ్మాయి పెద్ద ఆరోపణలేం చేయలేదు. “నేను చెప్తుంటే నువ్వు టీవీ సౌండ్ పెంచావు నాన్నా,” అంది. ఆయన “ఆ రోజు క్రికెట్…” అని మొదలుపెట్టబోతే థెరపిస్టు చెయ్యెత్తి ఆపారు. కాసేపాగి, “పెంచాను. వినబుద్ధి కాక పెంచాను. నీకెలా అనిపించింది?” అన్నారు. ఆ అమ్మాయి ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తోంది. మిగతా సెషన్ అంతా తనే మాట్లాడింది.

ఇది ఒక్క సెషన్‌తో అవ్వదు, రెండు మూడు కావాలి. ముఖాముఖి అయిన రోజు బంధువుల ఇంటికి, పెళ్లికి, షాపింగ్‌కి పెట్టుకోకండి. అందరూ అలసిపోయి ఉంటారు.

5.5 ముందుకెళ్లడం

చివరి దశలో రోజువారీ సంగతులు: చదువు, ఉద్యోగం, స్నేహితులు ఇంటికి రావడం, ఎవరికి ఎప్పుడు చెప్పాలి, విడిగా ఉండాలా. ఇక్కడ బేరాలు ఉంటాయి, ఉండాలి కూడా. “పార్ట్‌నర్‌ని ఇంటికి తీసుకురావడానికి నాకు టైమ్ కావాలి” అని అమ్మ అడగొచ్చు. “ఎంత టైమ్?” అని పిల్లలు అడగొచ్చు. తేదీ లేని ‘టైమ్’ అంటే ‘వద్దు’ అనే అర్థం. తేదీ వేసుకోండి.

6. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య ఇంట్లో

- రోజుకో పూట ఈ విషయం ఎత్తకుండా కలిసి తినాలి.
- వారానికి ఒక రోజు, ఒక గంట, ఈ విషయం మాట్లాడుకోవడానికే. ఆ గంట దాటితే వచ్చే వారమే.
- మీకు తట్టిన ప్రశ్నలు ఒక నోట్‌బుక్‌లో రాసి థెరపిస్టుకు చూపండి. అర్ధరాత్రి పిల్లల తలుపు కొట్టి అడగకండి.
- ఇలాంటి పిల్లలున్న ఇంకో అమ్మతోనో నాన్నతోనో మాట్లాడండి. ముంబైలో 2017లో మొదలైన స్వీకార్ అనే తల్లిదండ్రుల బృందంలో దేశంలోని పలుచోట్ల వాళ్లు ఉన్నారు. అనుభవమున్న ఒక తల్లి అరగంటలో చెప్పేది కొన్నిసార్లు మేం నెల రోజులు చెప్పినా ఎక్కదు.

7. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

‘పెళ్లి చేస్తే సర్దుకుంటుంది.’ సర్దుకోదు, సంగతి తెలియని ఇంకో ఇంటి పిల్ల జీవితం కూడా ఇందులో ఇరుక్కుంటుంది. మాట ఇచ్చేసి ఉంటే అవతలివాళ్లకు “మావాడు ఇప్పుడు పెళ్లికి సిద్ధంగా లేడు, తప్పు మాదే” అని చెప్పి విరమించుకోండి. అంతకుమించి వివరాలు ఇవ్వనక్కర్లేదు.

స్నేహితుల్ని నిందించడం. ‘ఆ రూమ్మేట్ వల్లే’, ‘ఇన్‌స్టాగ్రామ్ వల్లే’. స్నేహితుల వల్ల చెప్పే ధైర్యం వచ్చి ఉంటుంది, స్వభావం రాదు. ఆ స్నేహితుడికి ఫోన్ చేసి ఇప్పటికే తిట్టి ఉంటే, మళ్లీ చేసి సారీ చెప్పండి.

స్వామీజీలు, తాయెత్తులు. గుడికి వెళ్లడం మీ మనశ్శాంతి కోసమైతే వెళ్లండి, మేం ఎవరి భక్తికీ అడ్డు చెప్పం. దిష్టి తీయించడానికి, ‘పట్టినదాన్ని’ వదిలించడానికి పిల్లల్ని లాక్కెళ్లడం వేరు. ఇప్పటికే జరిగితే, అది ముఖాముఖిలో రావాల్సిన మొదటి అంశం.

‘ఎంసెట్ అయ్యాక చూద్దాం.’ పేరు మారినా అందరూ ఎంసెట్ అనే అంటారు కదా. పరీక్ష కోసం థెరపీ ఆపకండి. ముఖాముఖి దశను మాత్రం పరీక్షల తర్వాతకి జరపొచ్చు. విడివిడి సెషన్లు సాగనివ్వండి.

ఒకరు రానంటే మొత్తం ఆపేయడం. నాన్న రాకపోతే అమ్మతోనే మొదలుపెట్టండి. ఇంట్లో ఒక్కరు నిలబడినా పిల్లలకు కొండంత అండ. రానన్నవాళ్లను ‘థెరపీకి రండి’ అనకుండా ‘ఒక్కసారి వచ్చి మీ కోణం చెప్పండి’ అని పిలిస్తే చాలామంది వస్తారు.

పిల్లలు తొందరపెట్టడం. ఇది పిల్లలకు. నీకు నిన్ను అర్థం చేసుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో గుర్తు చేసుకో. అమ్మానాన్నలకు తెలిసింది నిన్న మొన్నే. తిట్టడాన్ని భరించమని కాదు, అడిగిన తెలివితక్కువ ప్రశ్నకు ఒకటి రెండుసార్లు ఓపిగ్గా జవాబు చెప్పమని.

8. ట్రాన్స్ పిల్లలున్న ఇంట్లో అదనంగా

గే పిల్లల విషయంలో దాచుకుందామంటే కొన్నాళ్లు దాగుతుంది. ట్రాన్స్ పిల్లల విషయంలో జుట్టు, బట్టలు, పేరు అన్నీ కంటికి కనబడేవే కాబట్టి కుటుంబం మీద ఒత్తిడి ముందే మొదలవుతుంది. థెరపిస్టుకు ఈ అనుభవం ఉందో లేదో విడిగా అడగండి.

మొదట పేరు. పిల్లలు కోరుకున్న పేరుతో ఇంట్లో పిలవడం మొదలుపెట్టండి. కొడుకుగా పెంచిన బిడ్డను ‘అమ్మడూ’ అని పిలవడానికి నోరు తిరగదు, తెలుసు. తప్పు పిలిస్తే వెంటనే సరిదిద్దుకుని మాట కొనసాగించండి. పావుగంట క్షమాపణలు వద్దు.

డాక్టర్ అనగానే ఆపరేషన్ అనుకుని హడలిపోయే తల్లిదండ్రులు ఎక్కువ. ఫ్యామిలీ థెరపీలో ఎవరూ ఆపరేషన్ నిర్ణయాలు చేయరు. హార్మోన్ల గురించి తెలుసుకోవాలంటే సైకియాట్రిస్టు, ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) కలిసి చూస్తారు, దానికి దాని పద్ధతి ఉంది. పిల్లలు మెడికల్ షాపులో సొంతంగా హార్మోన్ మాత్రలు కొని వేసుకుంటుంటే మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పండి. అది ప్రమాదం. తిట్టకుండా చెప్పండి, లేకపోతే మళ్లీ దాస్తారు.

‘ఇల్లు వదిలి హిజ్రాలలో కలిసిపోతుందేమో’ అన్న భయం చాలా ఇళ్లలో ఉంటుంది. ఇంటి తలుపు మూసుకుపోయినవాళ్లకే ఇల్లు వెతుక్కోవాల్సిన అవసరం వస్తుంది. ట్రాన్స్ మనుషుల హక్కుల్ని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో గుర్తించింది. చదువు, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చెప్తోంది. స్కూల్లో, కాలేజీలో ఇబ్బంది వస్తే ప్రిన్సిపల్ దగ్గరికి పిల్లల్ని ఒంటరిగా పంపకండి. మీరు వెళ్లి పక్కన కూర్చోండి.

9. బంధువులకు ఏం చెప్పాలి

ముందు పిల్లల అనుమతి. తర్వాత, ఎవరు చెప్పాలి, ఎంత చెప్పాలి అని థెరపిస్టు ముందు రిహార్సల్ చేయండి. నవ్వొస్తుంది గానీ పని చేస్తుంది.

సంగతి చెప్పకూడదనుకున్నవాళ్లకు: “పెళ్లి గురించి వాడు చెప్పినప్పుడు చూద్దాం అత్తయ్యా. మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?”

చెప్పాలనుకున్నవాళ్లకు: “అన్నయ్యా, అమ్మాయి ఇలా అని చెప్పింది. డాక్టర్లతో మాట్లాడాం, ఇది జబ్బు కాదు. మేం తనతో ఉన్నాం. నిన్ను సలహా అడగట్లేదు, నీకు తెలియాలని చెప్తున్నాను.” చివరి వాక్యం చెప్పడమే కష్టం. దాన్ని ఎక్కువసార్లు ప్రాక్టీస్ చేయండి.

పిల్లల ముందే ఎవరైనా వెటకారమాడితే అప్పుడే, అక్కడే ఆపాలి. తర్వాత విడిగా ఓదారిస్తే లెక్కలోకి రాదు.

10. పని చేస్తోందా, లేదా?

ఐదారు సెషన్ల తర్వాత ఒకసారి చూసుకోండి.

- పిల్లల నిద్ర, తిండి, చదువు కొంచెమైనా కుదుటపడ్డాయా?
- ఇంట్లో ఎవరైనా ఈ విషయం మీద ఒక్క ప్రశ్న కోపం లేకుండా అడిగారా?
- పిల్లలు సెషన్‌కి వాళ్లంతట వాళ్లే బయల్దేరుతున్నారా?

మూడింటికీ ‘లేదు’ అయితే థెరపిస్టుతో ఆ మాటే చెప్పండి. మంచివాళ్లు నొచ్చుకోరు, దారి మారుస్తారు. ‘మార్పు’ వైపు నెమ్మదిగా తోస్తున్నట్టు అనిపిస్తే మాత్రం అదే రోజు మానేయండి. డిప్రెషన్, ఆందోళన ఉంటే వాటికి మందులు అవసరం పడొచ్చు. ఆ మందులు డిప్రెషన్‌కి, గే అయినందుకు కాదు. ఈ తేడా తాతయ్యలకు కూడా చెప్పి పెట్టుకోండి, లేకపోతే ‘మందులు వాడుతున్నాడుగా, ఇంకా తగ్గలేదా?’ అని మొదలవుతుంది.

బాగా సాగుతుంటే సెషన్లు వారం నుంచి పదిహేను రోజులకు, తర్వాత నెలకు మార్చండి. పూర్తిగా ముగించాక కూడా ఏడాదికి రెండు మూడు సెషన్లు అట్టే పెట్టుకోండి. వాటిని మామూలు నెలల్లో వాడొద్దు. ఇంట్లో తమ్ముడి పెళ్లి కుదిరినప్పుడు, సంక్రాంతికి అందరూ ఊరు చేరే ముందు, పిల్లలు పార్ట్‌నర్‌ని పరిచయం చేస్తామన్నప్పుడు, ఆ వారానికి ముందు వారం అపాయింట్‌మెంట్ తీసుకోండి. పండగ సీజన్‌లో స్లాట్లు దొరకవు, డిసెంబర్‌లోనే ఫోన్ చేసి పెట్టుకోండి.